బాహ్లికాశ్వాన్వేషణము

విరాటపర్వమును జదివినవా రెల్లరు నకులుని యజ్ఞాతవాసము నెఱుఁగుదురు. అశ్వవిద్యయందు సాటిలేని యా యోధుఁడు దామగ్రంథి యను పేరు పెట్టుకొని, విరటుని లాయమున కధికారియై యొక యేఁడు గడపెను. కత్తి డించి కళ్లెము చేతఁ బట్టిన యా కథ చదువరులకు వేషధారణముగా మాత్రమే తోఁచును. ప్రాచీనరాజ్యములయం దది నిజముగా గొప్ప యుద్యోగము. కౌటిల్యుఁ డర్థశాస్త్రముయొక్క రెండవ యధికరణమున నశ్వాధ్యక్షునికై ప్రత్యేకముగా నొక ప్రకరణము వ్రాసెను. ప్రతి గుఱ్ఱముయొక్క కులమును, వయస్సును, వన్నెను, గుఱుతులను, అది వచ్చిన విధమును లెక్కలయం దెక్కించుట యా యధికారి మొదటి పని. కాంభోజ, సైంధవ, ఆరట్ట, వనాయుదేశముల గుఱ్ఱములు ఉత్తమములనియు, బాహ్లిక, పాపేయ, సౌవీర, తైతలదేశములవి మధ్యమములనియు నాతఁడు విభజించెను.

అమరసింహుఁడును వనాయు, పారసీక, కాంభోజ, బాహ్లికదేశముల పేళ్లను గుఱ్ఱముల జాతులకు నామములుగాఁ జెప్పెను. మా చోడవరమువంటి యూళ్ల వీథిబడులయం దొకప్పు డీ నాలుగుపేళ్లను బాలురు నిత్యము వల్లెవేయుచుండెడివారు. బాహ్లిక మనఁగా నేమని శిష్యుఁ డడిగిన “అది యొక దేశము, ఆ దేశమునఁ బుట్టిన గుఱ్ఱము” అని చెప్పి గురువు ముందునకుఁ బోవును. ఆ దేశ మెక్కడిది? అచ్చటి గుఱ్ఱముకొఱకు మనవా రేల యంతగాఁ బ్రాఁకులాడిరి? ఈ ప్రశ్నలకు నిఘంటువు చెప్పని సమాధానము నొక యశ్వాధ్యక్షుని జీవితము చెప్పుచున్నది. ఆతఁడు 19వ శతాబ్దమున నీస్టిండియా కంపెనీ గుఱ్ఱపుసాలకుఁ బెద్దయై యుండిన విలియం మూర్‌క్రాఫ్టు. ఆతఁడు బాహ్లికాశ్వమును వెదకుచుఁ బోయి బాహ్లికభూమియందే మృతి నొందెను. కోరిన గుఱ్ఱము లాతనికి దొరకలేదు. దొరకినవి సారస్వతమున కుపయోగించినవి. ఈ వ్యాసమునకు విషయ మదియే.

మొదట మన దేశపు స్థితిని గొంచెము చూడవలెను. ఆంధ్రదేశము గుఱ్ఱములకుఁ బుట్టినిల్లు గాదు. తేమయు నెండయు నెక్కుడుగాఁ గల తీరభూములలో బలిష్ఠములైన గుఱ్ఱములు తరతరములుగా నిలువవు. కావున మన రాజులు వానిని దిగుమతి చేసికొనుచు వచ్చిరి. గణపతిదేవుఁడు మోటుపల్లియందు వేయించిన యభయశాసనమునఁ దుపానువలన నొడ్డునఁ బడిన యోడలనుండి పూర్వపురాజు లపహరించుచుండిన వస్తువులలో బంగారము, ఏనుఁగులు, రత్నములతోపాటు గుఱ్ఱములును బేర్కొనఁబడినవి. కృష్ణదేవరాయలు ఏఁటేఁట 13,000 గుఱ్ఱములను గొనుచుండెనని పోర్చుగీసువాఁడైన నూనిజ్ వ్రాసెను. ఆముక్తమాల్యదయందలి రాజనీతిభాగమున రేవులను జక్కగా నడపి గజాశ్వాదులను రప్పింపవలెనని యాయన చేసిన యుపదేశము కేవల కవివాక్యము గాదు. అది రాజ్యము నేలినవాని యనుభవము.

కాకతీయశాసనములలోఁ దఱచుగాఁ గానవచ్చు “సాహిణి” యను పద మీ సందర్భమున స్మరింపఁదగినది. గజములకుఁగాని యశ్వములకుఁగాని యధిపతియైనవాఁడు సాహిణి. సంస్కృతమందలి సాధనికశబ్దమునుండి యిది వచ్చినదని పండితుల యభిప్రాయము. గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని 13వ శతాబ్దమధ్యమున నృత్తరత్నావళిని రచించెను. ఏనుఁగుల కధిపతి నాట్యశాస్త్రకారుఁ డగుట మన కెట్లు వింతగాఁ దోఁపలేదో, గుఱ్ఱముల కధిపతి నిఘంటువునకును రాజచరిత్రకును దోడ్పడుటయు నట్లే వింతగాఁ దోఁపనక్కఱలేదు.

మూర్‌క్రాఫ్టు 1767వ సంవత్సరమున నింగ్లండునందలి లంకషైరులో నార్మ్‌స్కర్కు గ్రామమున జన్మించెను. లివర్పూలునందు శస్త్రవైద్యము నేర్చుకొనుచుండఁగా నా ప్రాంతమునఁ బశువులకు మహామారి సోఁకెను. దాని నరికట్టుపనియం దాతఁడు నియుక్తుఁడై, మనుష్యులకు వైద్యులు గలరు గాని పశువులకు శాస్త్రజ్ఞుఁడైన వైద్యుఁ డొక్కఁడును లేఁడని గ్రహించెను. అప్పుడు ఫ్రాన్సుదేశమునందలి లియోనుపట్టణమునకుఁ బోయి యచ్చటి పశువైద్యశాలయందుఁ జదివెను. ఇంగ్లీషువారిలో నట్టి పట్టమును బొందిన మొదటివాఁ డాతఁడే. తరువాత లండనునందు వైద్యశాల నెలకొల్పి ధనమును గీర్తిని గడించెను. గుఱ్ఱపులాడములను యంత్రముచేఁ జేయించు పద్ధతిని గనిపెట్టి, యా పనియందే ధనములోఁ జాలభాగమును బోఁగొట్టుకొనెను. నెపోలియను దండెత్తివచ్చునను భయము ప్రబలిన కాలమున, 1803వ సంవత్సరమున, వెస్టుమినిష్టరు స్వచ్ఛందాశ్వికదళమునఁ జేరెను. గుఱ్ఱమునకు మందిచ్చువాఁ డా గుఱ్ఱము నెక్కి యుద్ధమునకు సిద్ధపడుటవలన, సైనికునకు గుఱ్ఱముతోఁ గల యవసర మెట్టిదో యాతనికి స్వానుభవమునఁ దెలిసియుండును.

ఆ కాలమునఁ గంపెనీవారికి రౌతుసేనకుఁ దగిన గుఱ్ఱములు దుర్లభములుగా నుండెను. 18వ శతాబ్దాంతమున వారు తిరుహుతుప్రాంతమున, నేఁటి బీహారులోని సమస్తిపురము జిల్లాయందు, బూఢీగండకీనదీతీరమునఁ బూసా యను చోట గుఱ్ఱములను బెంచు సాల నొకదానిని స్థాపించిరి. అది వారు తలఁచినట్లు ఫలింపలేదు. 1808వ సంవత్సరమునఁ గంపెనీ దొరలు మూర్‌క్రాఫ్టును సంవత్సరమునకు 30,000 రూపాయల వేతనముపైఁ బూసాకుఁ బంపిరి.

అచ్చట నాతఁడు చూచిన గుఱ్ఱములు సైన్యమునకుఁ బనికివచ్చునంతటివి గావు. రోగములు మెండు, ఎముక సన్నము, పొడవు చాలదు. ఆతఁడు లాయములను బాగుచేయించి, రోగములకుఁ జికిత్స నేర్పఱచి, మేఁతకై యోట్సుధాన్యమును బండించెను. ఇంత చేసినను మూలమునందలి లోప మట్లే యుండెను. తండ్రిగుఱ్ఱమును దల్లిగుఱ్ఱమును రెండును గట్టివి కానిచో సంతానము గట్టిది గానేరదు. 1811వ సంవత్సరమున నాతఁ డుత్తరహిందూస్థానమున సంచరించి వెదకినను గావలసినన్ని మంచిగుఱ్ఱములు దొరకలేదు. మధ్యాసియాయందలి బుఖారాసంత ప్రపంచమునఁ గల గుఱ్ఱపుసంతలలో నెల్ల గొప్పదని వర్తకులు చెప్పఁగా విని, యచ్చటికిఁ బోవలెనని నిశ్చయించుకొనెను. మన నిఘంటుకారులు బాహ్లికమని చెప్పిన బల్ఖుభూమి యా త్రోవలోనిదే. ఇంగ్లండునఁ బుట్టిన పశువైద్యుఁడు తన యనుభవముచేఁ జేరిన యీ నిర్ణయము కౌటిల్యుని పట్టికయు, నమరుని వర్గమును జూపిన దిక్కునకే సరిపోవుట గమనింపఁదగినది. దేశనామముచే గుఱ్ఱమును బేర్కొనుట కవిసమయము గాదు. అది వర్తకుల లెక్క.

1812వ సంవత్సరమున నాతఁడు మొదటియాత్ర చేసెను. సింధియాకొలువునందును జార్జి తామసునొద్దను సైనికుఁడై యుండిన హైదర్ యంగ్ హియర్సే యాతనికిఁ దోడు. ఇరువురును గోసాయివేషములు ధరించి, ఒకఁడు మాయాపురి, మఱియొకఁడు హరగిరి యని పేళ్లు పెట్టుకొని నీతికనుమ దాఁటి టిబెట్టు ప్రవేశించిరి. దామగ్రంథి కథ యిచ్చట మరల జ్ఞప్తికి వచ్చును. వారితోఁ బోయిన హరఖదేవుఁ డను పండితుఁడు త్రోవ పొడుగునను దన యడుగులను లెక్కించుచు దూరమును గొలిచెను. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట హిమాలయములకుఁ బంపఁబడిన పండితసర్వేక్షకుల పద్ధతి కిది పూర్వరూపము. వారు మానససరోవరమును జూచి, గంగ యందుండి పుట్టుట లేదని నిర్ణయించిరి. శాలువలకుఁ దగిన యున్నినిచ్చు మేఁకలను గొన్నింటిని దోలుకొని మరలుచుండఁగా గూర్ఖాలు వారిని గొంతకాలము నిర్బంధించి విడిచిపుచ్చిరి. ఈ యాత్రావృత్తాంతము బంగాళమునందలి ఆసియాసంఘమువారి పరిశోధనసంపుటములలో 12వదానియందుఁ బ్రకటింపఁబడినది. గుఱ్ఱములు మాత్రము లభింపలేదు.

అంతకుఁ బూర్వమే యాతఁడు మీర్ ఇజ్జతుల్లా యను పారసీకభాషాపండితుని లదాఖు, యార్కందుల మీఁదుగా బుఖారాకుఁ బంపియుండెను. ఆ పండితుఁడు పోయి వచ్చి త్రోవ వర్ణనమును బారసీకమున వ్రాసెను. మూర్‌క్రాఫ్టు రెండవయాత్ర కీ గ్రంథమే దారిదీపము.

1819వ సంవత్సరమున రెండవయాత్ర మొదలయ్యెను. జార్జి ట్రెబెక్కు, మీర్ ఇజ్జతుల్లా, గులాం హైదర్ ఖాను మొదలైనవా రాతని తోడివారు. 1820లో లాహోరునందు రణజిత్సింహుని దర్శించి, కుల్లూమీఁదుగా నా సంవత్సరము సెప్టెంబరునెలలో లదాఖునకు ముఖ్యపట్టణమైన లేహ్ చేరిరి. యార్కందునకుఁ బోవుట కనుమతి వచ్చునని రెండేండ్లు వేచిరి, రాలేదు. ఆ కాలమున నాతఁడు కంటిపొరలను శస్త్రముచేఁ దొలఁగించి యెందఱకో చూపు నిచ్చెను. ఆ దేశపు పైరులను, పశువులను, వర్తకమును గూర్చి విపులముగా వ్రాసికొనెను. లదాఖుపాలకులతో వర్తకపుటొడంబడిక నొకదానిని గుదుర్పఁగా, నది తమ యనుజ్ఞలేనిదని కంపెనీవారు త్రోసివైచిరి. పిమ్మట వేతనమును నిలిపివేసిరి. గుఱ్ఱములకై పంపఁబడినవాఁడు రాజ్యవ్యవహారములలోఁ దలదూర్చుట వారికి రుచింపలేదు.

మనకు ముఖ్యమైన భాగ మిచ్చటినుండి మొదలగును. 1822వ సంవత్సరము జూలైనెలలో లదాఖుప్రాంతపుఁద్రోవలో మూర్‌క్రాఫ్టునకు హంగేరీదేశీయుఁడైన చోమా కొరోషి తారసిల్లెను. ఆతఁడు 1784లో జన్మించిన బీదవిద్వాంసుఁడు. తన జాతి యాసియాఖండమున నెచ్చట పుట్టినదో కనుఁగొనవలెనని కాలినడకను బయలుదేఱినవాఁడు. యార్కందునకుఁ ద్రోవ మూసికొనిపోఁగా నిరాశుఁడై మరలుచుండెను. మూర్‌క్రాఫ్టు వానిని జేరఁదీసి, 1762లో జార్జీ యనువాఁడు రోమునందు ముద్రింపించిన టిబెట్టు వర్ణమాలాగ్రంథమును వాని చేతిలోఁ బెట్టి, యా భాషను సమగ్రముగా నేర్చి నిఘంటువు వ్రాయుమని ప్రోత్సహించెను. పైయధికారులకు సిఫారసులేఖలు వ్రాసి, ద్రవ్యసాహాయ్యము చేసెను. చోమా 1823లో జాన్‌స్కారునకుఁ బోయి, మంచుచే మూయఁబడిన మఠమున నొక లామాచెంతఁ గూర్చుండి యా భాషను సాధించెను. టిబెట్టు భాషకు నింగ్లీషున నాతఁడు రచించిన నిఘంటువును వ్యాకరణమును 1834లోఁ గలకత్తాయందు వెలువడినవి. టిబెట్టువిద్యకు శాస్త్రీయమైన పునాది యదియే.

ఇది తెలుఁగువారికి దూరపుసంగతి యని యెవ్వరేని తలఁపవచ్చును. కాని యాచార్యనాగార్జునుఁడు శాతవాహనరాజునకు వ్రాసిన సుహృల్లేఖ సంస్కృతమూలము నశింపఁగా టిబెట్టు, చీనాభాషాంతరీకరణములయందే నిలిచినది. కాలచక్రతంత్రము శ్రీధాన్యకటకమున నుపదేశింపఁబడినదని టిబెట్టువారి సంప్రదాయము. కృష్ణాతీరమునఁ బుట్టి హిమాలయములకు వెనుక దాఁగియున్న యీ వాఙ్మయపుఁ దలుపు తెఱచుటకుఁ జోమానిఘంటువు మొదటి తాళపుచెవి యైనది. ఆ చెవి చేసినవానికి సాయపడినవాఁ డొక గుఱ్ఱపుసాల యధికారి.

1822 నవంబరునందు మూర్‌క్రాఫ్టు కాశ్మీరము ప్రవేశించి శ్రీనగరమున దాదాపు పదినెలలు నిలిచెను. శాలువల నేఁతను గూర్చి యాతఁడు వ్రాసినంత విపులముగా నంతకుమున్నెవ్వరును వ్రాయలేదు. ఆ పురముననే యాతఁడు కల్హణుని రాజతరంగిణికి శారదాలిపియందుండిన ప్రాచీనప్రతి యొకదానికి 1823లో దేవనాగరిలిపిలోఁ బ్రతి వ్రాయించెను. అంతకుఁ బూర్వము పాశ్చాత్యపండితులకు దొరకిన ప్రతులు శిథిలములు, నసమగ్రములు. 1835లో ఆసియాసంఘమువారు కలకత్తాయందు వెలువరించిన మొదటి ముద్రణమునకును, బిమ్మటఁ బారిసునందు ట్రాయరు ప్రకటించిన ముద్రణమునకును మూర్‌క్రాఫ్టు వ్రాయించిన ప్రతియే ముఖ్యాధారము. తరువాత స్టైను మహాశయుఁడు మూలమైన శారదాప్రతినే పరిశీలించి శుద్ధపాఠమును స్థాపించెను. దేవనాగరిలోనికి మార్చుటయందుఁ దప్పులు దొరలినను, గల్హణుని నామము లోకమున వ్యాపించుట కా ప్రతియే కారణమైనదనుటలో సందియము లేదు.

ఇటుపిమ్మట నాతని కథ దుఃఖాంతము. కాబూలుమీఁదుగాఁ బోవుచుండఁగాఁ గుందూజు నేలుచుండిన మురాదుబేగు వారిని నిర్బంధించి ధనమును లాఁగికొనెను. మీర్ ఇజ్జతుల్లా రోగపీడితుఁడై విడిపోయి కొలఁదికాలములో మృతినొందెను. 1825 ఫిబ్రవరి 25వ తేదీని మూర్‌క్రాఫ్టు బుఖారా చేరెను. ఆఱేండ్ల ప్రయాణమునకుఁ దుదిగమ్య మది. కాని యెడతెగని యుద్ధములచే నా సంత క్షీణించియుండెను. ఆతఁడు కలలుగన్న గుఱ్ఱములలో గొన్ని మాత్రమే లభించినవి. మరలివచ్చుచు, మఱికొన్ని దొరకునేమో యను నాసతో నంద్ఖుయి యను గ్రామమునకుఁ బోయి, 1825 ఆగస్టు 27వ తేదీని జ్వరముచే మరణించెను. శరీరమును బల్ఖునకుఁ దెచ్చి సమాధి చేసిరి. కొలఁదికాలములోనే ట్రెబెక్కును గతించెను. 1832లో నలెగ్జాండరు బర్న్సు బల్ఖునకుఁ బోయి యా సమాధిని జూచెను.

బాహ్లికాశ్వమును వెదకినవాఁడు బాహ్లికపురప్రాకారముచెంత మట్టిలోఁ గలిసెను. అమరకోశమునందలి యొక్క పదము వెనుక నిన్ని యోజనముల యెడారియు, నిన్ని ప్రాణములును గలవని మన మెఱుఁగము. గుఱ్ఱములకై వేలకొలఁది నాణెములు ధారవోసిన మన కాకతీయులకును రాయలకును గుఱ్ఱములను దెచ్చిన వర్తకులలో సముద్రమునను సాహారములలోను బడి చచ్చినవారి లెక్క వ్రాసినవారు లేరు. మూర్‌క్రాఫ్టు వ్రాసికొనుట యెఱిఁగినవాఁడు గనుక నాతని పాట్లు మనకుఁ దెలిసినవి.

చెల్లాచెదరైన యాతని కాగితములను సంపాదించి, కుదించి, రెండుసంపుటములుగా 1841లో లండనునందుఁ బ్రకటించినవాఁడు హోరేసు హేమను విల్సను. ఈ విల్సనే 1828లో మెకంజీ సేకరించిన గ్రంథములకు వివరణపట్టిక నచ్చొత్తించినవాఁడు. మెకంజీయు సైనికోద్యోగియే. భూములు కొలుచుట కాతఁడు వచ్చి మన కైఫీయతులను శాసనములను బ్రోగుచేసెను. ఒకఁడు కొలబద్దతో, నొకఁడు లాడముతో బయలుదేఱిరి. ఇరువురి సంచులును దుదకుఁ బుస్తకములతో నిండినవి. ఇరువురి వెనుకను దేశీయపండితులే యుండిరి. మెకంజీకిఁ గావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులవలెనే మూర్‌క్రాఫ్టునకు మీర్ ఇజ్జతుల్లాయు, నడుగులు లెక్కించిన హరఖదేవుఁడును, శారదాలిపిని నాగరికి మార్చిన కాశ్మీరకలేఖకులును. వీరి పేళ్లలోఁ గొన్ని పీఠికలలో మూలను బడియున్నవి. కొన్ని యచ్చటను లేవు. పరిశోధనచరిత్రను వ్రాయువారు మొదట దీర్పవలసిన ఋణ మిది.

కంపెనీవారి కొలమానముచే మూర్‌క్రాఫ్టు నిష్ఫలుఁడు. బంగాళమునందలి గుఱ్ఱపుసాలల శాఖయే 19వ శతాబ్దపుటుత్తరార్ధమున నెత్తివేయఁబడెను. పూసాభూములలో 1905లో వ్యవసాయపరిశోధనాలయము వెలసి, 1934నాఁటి భూకంపమునఁ గూలిన పిదప 1936లో ఢిల్లీకిఁ దరలింపఁబడెను. ఆతఁడు తలపెట్టిన గుఱ్ఱపుజాతి పుట్టనేలేదు. రాజతరంగిణియు, టిబెట్టునిఘంటువును నిలిచినవి. తనకుఁ బ్రయోజనములేని ప్రతినిఁ జూచియు, తన పనికిఁ బనికిరాని విద్వాంసుని జూచియు, నిది యొరుల కుపయోగించునని యాగి చేయూఁత నిచ్చిన గుణమే యీ ఫలమునకు బీజము.

ఇందుండి మనము గ్రహింపవలసిన పని యొకటి మిగిలియున్నది. తెలుఁగున మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసము కలదు. అట్టి గ్రంథములయందు సుడులు, వన్నెలు, శుభాశుభలక్షణములు విస్తారముగాఁ జెప్పఁబడియుండును. పండితులు వాని ఛందస్సును శబ్దములను విచారించిరి. లాయమునఁ బుట్టి పెరిగినవానిచేఁ జదివించి, యే శబ్ద మే యవయవమునకు, నే రోగమునకుఁ జెల్లునో సరిచూచుపని యింకను జరుగవలసియున్నది. జీను, లగాము, రికాబు, సయీసు మొదలైన తురుష్కపదములు గుఱ్ఱములతోఁ గూడ మన భాషయందుఁ బ్రవేశించినవి. కళ్లెము, డెక్క, జూలు మొదలైనవి దేశ్యములుగా నిలిచినవి. విశాఖపట్టణమండలమున జట్కాబండ్లు తోలినవారి నోట నింకను నెన్ని మాటలు గలవో, వారితోడనే యెన్ని పోవుచున్నవో విచారించువారు కొఱఁతగా నున్నారు. పుస్తకమును లాయమునకుఁ గొనిపోవు పండితుఁడును, లాయమునుండి పుస్తకమువైపు చూచు సాహిణియుఁ గలసినప్పుడే యీ శాస్త్రము తేటపడును.

ఇఁకమీఁద బాలునకు బాహ్లికశబ్దమును జెప్పునప్పుడు, బల్ఖుపురపు గోడచెంత నున్న యా సమాధిని గూడ నొక్కమాటలోఁ జెప్పుదురుగాక యని పండితులను బ్రార్థించుచున్నాఁడను.